డాక్టరుగారికి వినిపించని పాట

ఆ రోజు పొద్దున్న పళ్ళ డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. మామూలుకంటే ముందే క్లినిక్కుకు వెళ్ళాలి. మొదటి పేషెంటు వచ్చేలోపు గది తలుపు వేసుకోవాలి. పేషెంట్లను పడుకోబెట్టే కుర్చీలో తనే వెనక్కి వాలి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని భార్య పాట వినాలి. అంతే. అందులో ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండాల్సిన అవసరం లేదు.

భార్య పశువుల డాక్టరు. బస్సులో ఒక పూట ప్రయాణం చేస్తే గానీ చేరలేని ఊళ్ళో ఒక పెద్ద డెయిరీలో ఉద్యోగం. ఆవిడ అక్కడికి వెళ్ళిన కొత్తలో ఫోను పెట్టేయడానికి ఇద్దరికీ మనసొప్పేది కాదు. “మీరు పెట్టేయండి” అంటే “నువ్వు పెట్టెయ్” అనుకుంటూ కొంతసేపు గడిపేవారు. పోను పోను ఆ మాటలు “తిన్నారా”, “తిన్నాను”, “మోటారు ఆపారా”, “ఆపాను” దగ్గరికి వచ్చి ఆగాయి. ఇప్పుడు ఫోను ఎవరు పెట్టేస్తున్నారో కూడా తెలియడం లేదు. అదే పడిపోతోంది.

పెళ్ళయిన కొత్తలో ఆవిడ పాడుతూ ఉండేది. బట్టలు మడతపెడుతూ, బీరువాలో ఏదో వెతుకుతూ, తడి జుట్టు ఆరబెట్టుకుంటూ. పాడుతున్నానని ఆవిడకూ తెలిసేది కాదు, వింటున్నానని ఆయనకూ తెలిసేది కాదు. అది ఎప్పుడు ఆగిపోయిందో ఇద్దరిలో ఎవరూ గమనించలేదు. ఆవిడ వెళ్ళిపోయి ఇల్లు ఖాళీ అయ్యాకే, ఈ ఇంట్లో ఇంకేదో కూడా ఉండేదని డాక్టరుకు తట్టింది. ఒక్కోసారి బీరువా తలుపు తీసి, ఏమీ తీసుకోకుండా, కాసేపు నిలబడి మళ్ళీ వేసేసేవాడు.

ఆవిడ తమ్ముడు సౌండు రికార్డిస్టు. ఇంట్లో అందరూ వాడిని ‘సౌండు’ అనే పిలుస్తారు. అందరికీ నిశ్శబ్దంగా ఉన్న చోట కూడా వాడికి ఏదో చప్పుడు వినిపిస్తుంది. ముందురోజు సాయంత్రం వాడు క్లినిక్కుకు వచ్చి, డాక్టరు చేతిలో ఒక నల్లటి బిళ్ళ పెట్టాడు. చూడడానికి సబ్బుబిళ్ళంత ఉంది, బరువు మాత్రం ఇస్త్రీపెట్టెలా ఉంది.

“మ్యూజిక్ ప్లేయరు బావా. పాత డిస్కులు సర్దుతుంటే అక్క పాటలు దొరికాయి. నా మొదటి మైకులతో తీసినవి. అన్నీ ఇందులో ఎక్కించాను.”

“నా ఫోనులోకి పంపిస్తే సరిపోయేది కదరా.”

సౌండు ముఖం మాడిపోయింది. “ఫోనులో వినడమంటే పెళ్ళిని తాళం కన్నంలోంచి చూడ్డమే బావా. ఇందులో విను. అక్క ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తుంది.”

ఆ మాటకు డాక్టరు ప్లేయరును రెండు చేతులతో పట్టుకున్నాడు.

బయట పేషెంట్లు కూర్చునే గదిలో, డాక్టరు గది తలుపు పైనున్న అరలో ఒక చిన్న స్పీకరు ఉంది. పళ్ళ భయంతో వచ్చేవాళ్ళ కోసం అందులో పొద్దుట్నుంచీ సన్నగా వేణువు వినిపిస్తూ ఉంటుంది. అది పెట్టించిందీ సౌండే. మచ్చుకు ఒక పాట అందులో వినిపిద్దామని ప్లేయరును ఆ స్పీకరుకు బ్లూటూతుతో కలిపాడు. కలిసిందని తెర మీద కనిపించిందో లేదో, ప్లేయరులో బ్యాటరీ అయిపోయింది. “చార్జింగు పెట్టుకుని ఇయర్‌ఫోన్లతో వినేయ్ బావా” అని చెప్పి వాడు వెళ్ళిపోయాడు. కలిపినదాన్ని విడదీయాలన్న సంగతి ఇద్దరికీ తోచలేదు.

అలా ఆ పొద్దున్న డాక్టరు తన పథకం ప్రకారం కుర్చీలో వాలి ప్లేయరు ఆన్ చేశాడు. మొదట తయారుచేసిన కంపెనీ గుర్తు వచ్చింది. చాలాసేపు ఉంది. తరవాత ఒక సున్నా గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. పాటలు వెతుకుతున్నానంది. చివరికి పాటల వరస వచ్చింది. గాయని పేరు ఉండాల్సిన చోట ‘ఎవరో తెలియదు’ అని ఉంది. డాక్టరుకు కొంచెం మనసు చివుక్కుమంది.

మొదటి పాట నొక్కాడు. తెర మీద గీత కదులుతోంది, క్షణాలు నడుస్తున్నాయి. చెవుల్లో మాత్రం ఏమీ లేదు. ప్లేయరు పక్కన మూడు బొత్తాలున్నాయి, మూడూ ఒకేలా ఉన్నాయి. ఒకటి నొక్కితే రెండో పాటకు పోయింది. ఇంకోటి నొక్కితే మొదటికి వచ్చింది. మూలనున్న చక్రం తిప్పితే శబ్దం పెరుగుతున్నట్టు అంకెలు పెరిగాయి. చివరిదాకా తిప్పాడు. చెవుల్లో అదే నిశ్శబ్దం. ఈలోపు గదిలో బజరు మోగింది. పాట ఆపాడు. మొదటి పేషెంటు, బస్సు కండక్టరు, బుగ్గ పట్టుకుని లోపలికి వచ్చేశాడు.

తలుపు పడ్డాక డాక్టరు పాటను మళ్ళీ మొదట్నుంచీ నొక్కి, ప్లేయరును కోటు జేబులో వేసుకున్నాడు. ఆ బరువుకు కోటు ఒక పక్కకు వేలాడింది. ఒక ఇయర్‌ఫోను తీసేశాడు గానీ రెండోది చెవిలోనే వదిలేశాడు, ఎప్పుడైనా పలుకుతుందేమోనని.

ఆ గదికి దళసరి తలుపు. పిల్లల ఏడుపు బయటికి పోకుండా అంచులకు రబ్బరు వేయించాడు. లోపలి చప్పుడు బయటికి పోదు, బయటి చప్పుడు లోపలికి రాదు. పైగా పేషెంటు నోరు తెరిచి ఉండగా తలుపు తీయకూడదన్నది అక్కడి నియమం. కాబట్టి తన భార్య గొంతు ఆ క్షణంలో తలుపు పైనున్న అరలోంచి బయట గదిలోకి హాయిగా దిగుతోందన్న సంగతి డాక్టరుకు తెలిసే దారి లేదు.

బయట బల్ల దగ్గర కూర్చునే ఆవిడ డాక్టరు భార్యకు వరసకు పిన్ని. డాక్టరుకు అత్తయ్య అవుతుంది గానీ పేషెంట్లందరికీ పిన్నిగారే. అమ్మాయి గొంతు ఆవిడ ఎరిగింది ఈమధ్య ఫోనులోనే, పాట ఎప్పుడూ వినలేదు. ఆ పొద్దున్న వేణువు పెడదామని ఆవిడ తన ఫోనులో ఎంత నొక్కినా స్పీకరు పలకలేదు. పాడైపోయిందనుకుని వదిలేసింది. అలా వదిలేసిన కాసేపటికి తలుపు వైపు నుంచి ఒక ఆడగొంతు స్పష్టంగా వినిపించింది.

“ఆగు, తలుపు వేసొస్తాను. ఎవరైనా వింటే సిగ్గు.”

పిన్నిగారు చేతిలోని పెన్ను కింద పెట్టింది. ఎదుట కూర్చున్న రిటైర్డు హెడ్మాస్టరు పేపరు దించాడు. ఆయన పక్కనున్న బేకరీ ఆవిడ నొప్పి పన్ను మీదినుంచి చెయ్యి తీసేసింది. గొంతు సవరించుకున్న చప్పుడు. కుర్చీ కిర్రుమన్న చప్పుడు. తరవాత పాట మొదలైంది. ఎవరూ ఊపిరి తీసుకోలేదు. అవతల పాడుతున్న మనిషి ఊపిరి తీసుకోవడం మాత్రం అందరికీ వినిపించింది.

“ఎవరండీ లోపల?” బేకరీ ఆవిడ గుసగుసగా అడిగింది.

“కండక్టరు” అంది పిన్నిగారు.

“కండక్టరు ఇలా పాడతాడా?”

పాట అయింది. “బాగా వచ్చిందా? నిజం చెప్పు” అంది గొంతు.

“చాలా బాగా వచ్చిందమ్మా” అన్నాడు హెడ్మాస్టరు, తలుపు వైపు తిరిగి, మర్యాదగా.

“నీళ్ళిస్తావా? గొంతు ఆరిపోయింది.”

బేకరీ ఆవిడ మనసున్న మనిషి. కూజాలోంచి గ్లాసుడు నీళ్ళు వంచుకుని వెళ్ళి తలుపు కొట్టింది. లోపల డాక్టరు ఉలిక్కిపడ్డాడు. తలుపు తీసేముందు ప్లేయరు ఆపుదామనుకున్నాడు, వినిపించనిదానికి బ్యాటరీ ఖర్చు ఎందుకని. గ్లవ్సు వేళ్ళతో తెరను ఎంత రుద్దినా దానికి చలనం లేదు. గ్లవ్సు పంటితో లాగి ఊడదీసి, వేలితో నొక్కి ఆపి, అప్పుడు తలుపు తీశాడు.

“నీళ్ళండీ” అంది బేకరీ ఆవిడ.

“నేను అడగలేదే.”

“మీక్కాదు. లోపలికి.”

కండక్టరుకేమో అనుకుని డాక్టరు గ్లాసు తీసుకున్నాడు. మత్తు సూదికి సగం మూతి చచ్చుబడి ఉన్న కండక్టరు, డాక్టరు ఇచ్చాడు గదా అని ఆ నీళ్ళు తాగబోయి యూనిఫాం అంతా తడుపుకున్నాడు. తెరిచిన తలుపులోంచి పిన్నిగారు మెడ చాచి చూసింది. గదిలో ఇంకెవరూ లేరు. మూలన ఎక్స్‌రే గది తలుపు మాత్రం వేసి ఉంది.

“ఆ ఎక్స్‌రే గది తుడిపించమంటారా?” అని అడిగింది.

“వద్దు వద్దు. ఆ తలుపు తీయకండి. పొద్దున్నే మొరాయించింది. మనిషి వచ్చి చూసేదాకా లోపలిది లోపలే ఉండాలి. కదిలిస్తే గొడవ.”

తలుపు మళ్ళీ పడింది. డాక్టరు ఆశ చావక ప్లేయరు మళ్ళీ నొక్కి జేబులో వేసుకున్నాడు. బయట గొంతు మళ్ళీ మొదలైంది. “ఎంతసేపు ఇలా నిలబెడతావ్, కాళ్ళు లాగుతున్నాయి” అంటోంది.

బేకరీ ఆవిడ పిన్నిగారి వైపు చూసింది. పిన్నిగారు నేల వైపు చూసింది. తలుపు తీయగానే ఆగిపోయి, వేయగానే మొదలయ్యే గొంతు గురించి ఇద్దరికీ ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

డాక్టరు మళ్ళీ ప్లేయరు ఆపి, కండక్టరును పంపించి, చెయ్యి కడుక్కుని బల్ల దగ్గరికి వచ్చాడు. చెవిలో ఇయర్‌ఫోను ఇంకా ఉంది. పిన్నిగారు గొంతు తగ్గించి అడిగింది.

“లోపల మీరొక్కరే ఉన్నారా అల్లుడుగారూ?”

డాక్టరు చెయ్యి తనకు తెలియకుండానే జేబు మీదికి పోయింది. ఈ వయసులో పెళ్ళాం పాట కోసం చెవిలో తీగ పెట్టుకుని తిరగడం ఆవిడ కంట పడినందుకు సిగ్గేసింది.

“మీకు తెలిసిపోయిందా అత్తయ్యగారూ?”

“చెవులున్నాయి కదండీ నాకు.”

“నిన్న సాయంత్రమే వచ్చింది. మా బావమరిది తీసుకొచ్చి ఇచ్చాడు.”

“ఎవరు, మన అమ్మాయి సొంత తమ్ముడా?”

“వాడి దగ్గర ఇలాంటివి రెండు మూడున్నాయి. ఒకటి నా దగ్గరుంచాడు. అక్క లేని లోటు కొంతైనా తీరుతుందని వాడి ఉద్దేశం.”

పిన్నిగారు బల్ల అంచు పట్టుకుంది. “రాత్రి ఇంటికి కూడా తీసుకెళ్ళారా?”

“తీసుకెళ్ళాను. ఏం లాభం? రాత్రంతా పక్కనే ఉన్నా నోరు విప్పలేదు. పొద్దున్న ఇక్కడికొచ్చాక కళ్ళు తెరిచింది గానీ నా దగ్గర మాత్రం పలకదు. దాని పద్ధతి నాకింకా అంతుపట్టలేదు. కొత్త కదా, అలవాటు కావాలి.”

“అమ్మాయికి చెప్పారా?”

“ఇంకా లేదు. మీరూ చెప్పకండి. తను వచ్చినప్పుడు నేనే చూపిస్తాను. చూస్తే సంతోషిస్తుంది.”

డాక్టరు ఆ చివరి మాట అంటున్నప్పుడు ముఖంలో ఒక దిగులు కనిపించింది. పిన్నిగారు దాన్ని కూడా తప్పుగానే అర్థం చేసుకుంది. ఆయన లోపలికి వెళ్ళగానే మెట్ల మీదికి వెళ్ళి ఫోను చేసింది.

“పిన్నీ, ఇప్పుడు కాదు. చెయ్యి లోపలుంది” అంది డాక్టరు భార్య అవతలినుంచి. డెయిరీలో ఎవరో ఫోను ఆవిడ చెవికి ఆనించి పట్టుకున్నారు.

“ఏ లోపల?”

“ఆవు లోపల. దూడ అడ్డం తిరిగింది.”

“ఇక్కడా లోపలే ఉందమ్మాయ్.”

“ఏమిటి ఉంది?”

“ఎవరో ఉంది. ఎక్స్‌రే గదిలో పెట్టాడు మీ ఆయన. పొద్దుట్నుంచీ పాడుతోంది.”

అవతల ఆవు అరిచింది. ఎవరో ఉందన్న మాటకు ఆవిడకు వచ్చిన కోపం, పాడుతోందన్న మాట దగ్గర ఆగిపోయి ఇంకేదోగా మారింది. ఆవిడ అడిగింది.

“ఎలా పాడుతోంది పిన్నీ?”

పిన్నిగారికి అబద్ధం అలవాటు లేదు. “చాలా బాగా పాడుతోందమ్మా” అంది.

దూడ బయటికి వచ్చి నిలబడేదాకా ఉండి, ఆవిడ వేసుకున్న రబ్బరు బూట్లతోనే బస్సెక్కింది.

క్లినిక్కులో పరిస్థితి ఆ తరవాత డాక్టరుకు అర్థం కావడం మానేసింది. బయట గది నిండా జనం ఉన్నారు, లోపలికి మాత్రం ఎవరూ రారు. బజరు నొక్కితే హెడ్మాస్టరు “ముందు వాళ్ళను చూడండి, నాకు తొందర లేదు” అంటాడు. ఆ ముందువాళ్ళు ఆ వెనకవాళ్ళను చూడమంటారు. పన్ను పీకించుకున్నవాళ్ళు కూడా దూది కరుచుకుని వచ్చి మళ్ళీ అదే కుర్చీల్లో కూర్చుంటున్నారు. డాక్టరు బ్యాటరీ ఖర్చు కాకుండా ప్లేయరు ఆపి తలుపు తీయగానే అందరి ముఖాల్లోంచి వెలుగు పోతోంది. వెనక్కి తిరిగి తలుపు వేసుకుంటుంటే, ఎవరో “హమ్మయ్య” అనడం ఆయన చెవిన పడింది. ఇన్నేళ్ళ ప్రాక్టీసులో తనను చూసి జనం ఇంత నిరుత్సాహపడడం ఎప్పుడూ ఎరగడు.

మధ్యాహ్నం భోజనానికి కూడా వెళ్ళకుండా తలుపు వేసుకుని సౌండుకు ఫోను చేశాడు. వాడు రికార్డింగు మధ్యలో ఉన్నాడు. గుసగుసగా మాట్లాడాడు.

“పలకడం లేదా? ఇయర్‌ఫోను ఏ కన్నంలో పెట్టావ్ బావా?”

“సన్నదాంట్లో.”

“లావుదాంట్లో పెట్టి చూడు.”

“దూరడం లేదు.”

“అయితే సెట్టింగుల్లో శబ్దం ఇంకా పెంచే గెయినని ఒకటుంటుంది, దాన్ని హైలో పెట్టు. మరీ మెల్లగా తీసిన పాటలేమో. నేను మళ్ళీ చేస్తా, ఇక్కడ ఎవరో ఊపిరి పీలుస్తున్నారు.”

డాక్టరు గెయిన్ హైలో పెట్టాడు. చెవిలో ఏమీ మారలేదు. బయట మాత్రం స్పీకరు తన ప్రాణమంతా పెట్టి పాడడం మొదలెట్టింది. పాట కిటికీలు దాటి వీధిలోకి పోయింది. ఎదుట సైకిళ్ళు బాగుచేసే అతను పంపు కొట్టడం ఆపేశాడు. నడిచి వెళ్ళేవాళ్ళు నిదానించి, నిలబడి, ఒకరి వెనక ఒకరు మెట్లెక్కారు. డాక్టరు ఆ దళసరి తలుపు వెనక కుర్చీలో వాలి, తెర మీద కదిలే గీతను చూస్తూ ఉన్నాడు. ఆ గీత పైకి లేచిన చోట ఆవిడ గొంతు పైకి లేచి ఉంటుందని ఊహించుకున్నాడు. కిందికి దిగిన చోట మెల్లగా పాడి ఉంటుందనుకున్నాడు. ఒకచోట గీత సాఫీగా ఉంది. అక్కడ ఏమీ అనకుండా ఆగి ఉంటుంది. ఎందుకు ఆగిందో తెలుసుకోవాలని ఆయనకు చాలా అనిపించింది.

సాయంత్రానికి బయటి జనం మూడు పక్షాలయ్యారు. హెడ్మాస్టరుది ఇది పంటి నొప్పికి కొత్త వైద్యమన్న పక్షం. తన నొప్పి నిజంగానే తగ్గిందని ఆయన సాక్ష్యం. పిన్నిగారి పక్షం నోరు విప్పి చెప్పదగింది కాదు. బేకరీ ఆవిడ మాత్రం ఒక మనిషిని గదిలో పెట్టి, నీళ్ళివ్వకుండా, కాళ్ళు లాగుతున్నాయన్నా వినకుండా పొద్దుట్నుంచీ పాడిస్తున్నారని తేల్చింది. ఎక్స్‌రే గది తలుపు బద్దలుకొట్టడానికి సైకిలు షాపులోంచి పెద్ద పానా తెప్పించింది.

“పల్లవి అయ్యాక కొడదాం” అన్నాడు హెడ్మాస్టరు.

సరిగ్గా అప్పుడే డాక్టరు భార్య మెట్లెక్కి వచ్చింది. బూట్లకు ఎండిన బురద, చీర అంచుకు గడ్డిపరకలు. పిన్నిగారు తప్ప అక్కడ ఆవిడను ఎరిగినవాళ్ళు లేరు. పిన్నిగారేమో పెదవులు బిగించుకుని, తలుపు వైపు కళ్ళతో చూపించింది. ఎవరో జరిగి చోటిచ్చారు.

ఏమేం అనాలో ఆవిడ బస్సులో వరసగా పేర్చుకుని వచ్చింది. అన్నీ గట్టి మాటలే. గొంతు చెవిన పడగానే ఆ వరస చెదిరింది. ఇంత బాగా పాడుతుందని పిన్ని చెప్పలేదు. చెప్పింది గానీ, ఇంత అని చెప్పలేదు. ఆ గొంతులో తొందర లేదు. ఎవరో ఒకరు వింటారన్న నమ్మకం ఉంది. ఇలా పాడే మనిషి ఇంట్లో ఉంటే ఎవరైనా పని మానుకుని వింటారు. ఆయన తప్పేముంది? తను కూడా పాడేది ఒకప్పుడు. ఇప్పుడు పొద్దున లేస్తే ఆవులను అదిలించడమే. మొన్నొకసారి పాడదామని నోరు తెరిస్తే పాకలో గేదె బెదిరింది. ఆవిడ గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని, ఆ ఎవరో ఒకావిడ పాట చివరిదాకా వింది. వెనక్కి వెళ్ళే బస్సు ఇంకా ఉంటుందా అని కూడా ఆలోచించింది.

పాట అయిపోయింది. గొంతు విసుక్కుంది.

“చిన్నోడా, ఆ ఫ్యాను ఆపరా. నాకంటే అదే గట్టిగా పాడుతోంది.”

డాక్టరు భార్య కళ్ళు తెరిచింది. ఆ ఫ్యాను తనకు తెలుసు. రెక్క ఒకటి వంకర. దాని కింద నిలబడి కాళ్ళు లాగేదాకా పాడింది తనే. తమ్ముణ్ణి చిన్నోడా అని పిలిచేదీ తనే. రికార్డు చేసిన తన గొంతును ఇన్నేళ్ళలో ఎప్పుడూ వినలేదంతే. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“ఏడవకమ్మా” అంది బేకరీ ఆవిడ, పానా అందుకుంటూ. “ఇప్పుడే విడిపించేద్దాం.”

ఆవిడ మాట వినకుండానే డాక్టరు భార్య వెళ్ళి తలుపు నెట్టింది. ఆ తలుపు కొట్టకుండా తీసే మనిషి లోకంలో ఆవిడ ఒక్కతే. లోపల ఆయన పేషెంట్ల కుర్చీలో పడుకుని ఉన్నాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, గుండెల మీద నల్లటి బిళ్ళ. అలికిడికి కళ్ళు తెరిచి చూసి, కలేమోనన్నట్టు మళ్ళీ మూసి, తెరిచాడు.

“నువ్వేంటి? ఎలా వచ్చావ్?”

“బస్సులో. ఏం వింటున్నారు?”

“ఏమీ వినిపించడం లేదు” అన్నాడు. పొద్దుట్నుంచీ మనసులో నలుగుతున్న మాట అది. “నీ పాటలేనట. ఒక్కటీ వినిపించడం లేదు.”

ఆవిడ వంగి ఆయన చెవుల్లోంచి రెండు ఇయర్‌ఫోన్లూ తీసేసింది. తెరిచి ఉన్న తలుపులోంచి, తలుపు పైనుంచి, ఆవిడ పాత గొంతు గదిలోకి వచ్చింది.

“ఇది ఆయన పరీక్షలయ్యేలోపు పంపించాలిరా. అక్కడ ఒక్కరే ఉంటారు. మన ఇంట్లో ఉన్నట్టు ఉంటుంది కాస్త.” ఒక క్షణం ఏమీ లేదు. “ఇంకోసారి పాడతాను. ఈసారి ఆయన ఎదురుగా కూర్చున్నారనుకుని పాడతాను.”

డాక్టరు కుర్చీలోంచి లేవలేదు. పెద్ద కోర్సు చదవడానికి తను వెళ్ళిన ఆ ఊళ్ళో, కిటికీ కూడా లేని గది గుర్తొచ్చింది. అక్కడ తను ఆవిడ గురించే ఆలోచిస్తూ, ఆవిడకు మాత్రం తను లేని లోటే తెలియదేమోనని అనుకునేవాడు.

“నాకు పంపలేదే” అన్నాడు.

“ఎక్కడ పంపనిచ్చాడు వాడు? ఫ్యాను అన్నాడు, కాకి అన్నాడు, పక్కింట్లో బిందె అన్నాడు. మళ్ళీ పాడు, మళ్ళీ పాడు అనేవాడు. ఈలోపు మీరే వచ్చేశారు. మీరొచ్చాక ఇంక దేనికిలే అనుకున్నాను.”

ఈ మాటలు జరుగుతుండగానే బేకరీ ఆవిడ వాళ్ళ పక్కనుంచి వెళ్ళి ఎక్స్‌రే గది తలుపు తీసింది. బద్దలుకొట్టే పనిలేకుండానే అది తెరుచుకుంది. లోపల మొరాయించిన మెషీను తప్ప ఎవరూ లేరు. అందరూ ఒకరి భుజం మీదినుంచి ఒకరు చూశారు. ఈలోపు పిన్నిగారు తలుపు పైకి చూసి, స్పీకరు చూసి, డాక్టరు చేతిలోని బిళ్ళ చూసి, పొద్దుటి సంభాషణంతా మనసులో మొదట్నుంచీ నడిపించుకుంది. ‘రాత్రంతా పక్కనే’ అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి.

“అయితే పాడింది ఎవరు?” అన్నాడు హెడ్మాస్టరు. ఆయనకు తేలకపోతే నిద్ర పట్టదు.

“నేనేనండీ” అంది డాక్టరు భార్య.

ఆయన ఆవిడ బూట్ల వైపు చూశాడు. “ఏదీ, ఒక్క చరణం.”

ఆవిడ డాక్టరు వైపు చూసింది. ఆయన ప్లేయరు ఆపేశాడు. ఆవిడ గొంతు సవరించుకుని మొదలెట్టింది. మొదటి మాట బాగానే వచ్చింది. రెండోది కీచుమంది. పైకి వెళ్ళాల్సిన చోట గొంతు సగం దాకా వెళ్ళి, అక్కడే కూర్చుంది. ఆవిడ ఆపకుండా ఆ చరణం చివరిదాకా పాడింది.

హెడ్మాస్టరు నిజం చెప్పడం మానుకోలేని మనిషి. “ఆవిడ వేరు, మీరు వేరమ్మా” అన్నాడు.

డాక్టరు ఆ తీర్పు విన్నట్టు లేదు. చేతిలో ప్లేయరు ఎప్పుడు పక్కన పెట్టాడో ఆయనకే తెలియదు. “రెండో చరణం కూడా ఉంది కదా” అన్నాడు భార్యతో, ఎదురుగా ఉన్న స్టూలు మీదికి జరిగి కూర్చుంటూ. పిన్నిగారు అందరినీ బయటికి తోలి, లోపలివాళ్ళు ఇద్దరూ కనిపించకుండా తలుపు వేసింది. ఆ రోజు ఆ తలుపు వెనక నిజంగా పాట జరుగుతున్నది అప్పుడే. బయట ఎవరికీ ఒక్క ముక్క వినిపించలేదు.

చీకటి పడబోతుండగా ఆవిడ డెయిరీకి ఫోను చేసి, కొన్నాళ్ళు సెలవు కావాలంది.

“ఉన్నట్టుండి ఏమొచ్చిందమ్మా?” అని అడిగాడు అక్కడి మేనేజరు.

ఆవిడ భర్త వైపు చూసింది. “మా ఆయనకు పన్ను నొప్పండీ.”

“వారు పళ్ళ డాక్టరే కదా?”

“అవునండీ. ఎవరి నోట్లో వాళ్ళు ఎలా చూసుకుంటారు?”

మేనేజరు కాసేపు ఆలోచించి, అందులో తప్పు కనిపించక, సెలవిచ్చేశాడు.